ఒకటో వేలు

ఆగస్టు 3, ఉదయం ఏడున్నర

మిడతకు,

నీ ఉత్తరం నిన్న అందింది. రెండుసార్లు చదివాను, మూడోసారి లెక్కపెట్టాను. లెక్కలో తేడా వచ్చింది. అందుకని నెలకొకసారి రాసే పద్ధతి పక్కన పెట్టి ఇవాళే రాస్తున్నాను.

నీ ఉత్తరంలో నూట పద్దెనిమిది సున్నాలు ఉన్నాయి. అందులో డెబ్బై నాలుగు మూతపడలేదు. జూన్ నెల ఉత్తరం తీసి చూశాను. తొంభై ఆరింటిలో మూతపడనివి ఐదు. మూతపడని సున్నా సున్నా కాదు, కొడవలి. నలభై ఏళ్ళు లెక్కల టీచరుగా చేసినదాన్ని, నీకు అక్షరాల కంటే ముందు సున్నా చుట్టడం నేర్పినదాన్ని. నీ చేతికి ఏదో అయింది.

బస్సులో రాశానని చెప్పకు. బస్సులో రాస్తే గీతలన్నీ వణుకుతాయి. నీ నిలువు గీతలు నిటారుగానే ఉన్నాయి, చుట్టాల్సిన చోటే కలం జారింది. ఫోన్ చేసి అడగవచ్చు, కానీ చేయను. ఫోన్లో నువ్వు "బాగానే ఉన్నానమ్మమ్మా" అని ఒక్క ఊపిరిలో అనేసి ఇంకో విషయంలోకి గెంతుతావు. మిడత అని ఊరికే పెట్టలేదు ఆ పేరు.

కాబట్టి వీటికి జవాబు కావాలి. ఏ చెయ్యి? ఎన్నో వేలి నుంచి ఎన్నో వేలి దాకా? రోజుకు ఎన్నిసార్లు? ఒక్కోసారి ఎంతసేపు? ఎప్పటి నుంచి? అన్నీ అంకెల్లో రాయి. కథలు అక్కర్లేదు.

ఇక్కడ అంతా మామూలే. మొన్న ఇంకో టీ కప్పు పగిలింది. ఈ రెండు నెలల్లో ఇది మూడోది. ఈమధ్య కప్పులు మరీ నున్నగా చేస్తున్నారు, పట్టు దొరకదు. కింద వాటా ఆవిడ "చప్పుడేమిటండీ" అంటూ మెట్లెక్కి వచ్చింది. వచ్చిన మనిషి ముక్కలు ఏరిపెట్టి పోవచ్చుగా, నిలబడి జాలిపడి వెళ్ళింది.

తిరుగు టపాలో జవాబు రావాలి.

అమ్మమ్మ

ఈ కాగితం వెనక పేజీ ఖాళీగా వదిలాను. జవాబు దానిమీద రాస్తే కాగితం కలిసొస్తుంది.


ఆగస్టు 9

అమ్మమ్మా,

బస్సులో రాశాననే రాయబోయాను! నువ్వు ముందే ఆ దారి మూసేశావు. ఈ ఉత్తరంలో ప్రతి సున్నానూ రెండుసార్లు చుడుతున్నాను, లెక్కపెట్టి చూసుకో.

నువ్వడిగినట్టే అంకెల్లో: కుడి చెయ్యి. ఒకటి నుంచి మూడో వేలి దాకా. రోజుకు తొమ్మిది, పదిసార్లు. ఒక్కోసారి పది నిమిషాలు, ఒక్కోసారి అరగంట. జూన్ మొదటి వారం నుంచి.

అంకెలు అయిపోయాయి కాబట్టి ఇప్పుడు కథ చెబుతాను, తిట్టకు. ముందు తిమ్మిరిలా మొదలైంది. చీమలు పాకినట్టు. నిద్రలో మెలకువ వస్తే చెయ్యి నాది కాదన్నట్టు పక్కన పడి ఉంటుంది. లేచి గట్టిగా విదిలిస్తే ప్రాణం వస్తుంది. ఇప్పుడు పగలు కూడా వస్తోంది. పెద్ద కత్తెర పట్టుకుని ముప్పై జతల చేతి తొడుగులకు అంచులు కత్తిరించేసరికి వేళ్ళు మొద్దుబారిపోతాయి. మొన్న కత్తెర జారి కాలి పక్కన పడింది. మా మేస్త్రమ్మ చూసి, "కత్తెరకి కాళ్ళొచ్చాయా, నీకు నిద్రొచ్చిందా?" అంది. నిద్రేనన్నాను.

నా భయం వేరే ఉంది. సెప్టెంబరు 30న కత్తెర బల్లకి పరీక్ష. నీకు చెప్పాను కదా, మా కార్ఖానాలో చేతి తొడుగులు కుట్టేవాళ్ళు అరవై మంది, తోలు ఎంచి కత్తిరించే బల్ల మీద కూర్చునేది నలుగురే. ఇప్పుడు ఒక చోటు ఖాళీ అయింది. ఆరేళ్ళుగా దీనికోసమే ఎదురుచూస్తున్నాను. కళ్ళకు గంతలు కట్టి పన్నెండు తోలు ముక్కలు ఇస్తారు. వేళ్ళతో తడిమి, పలచన నుంచి మందం దాకా వరుసలో పేర్చాలి. ఒక్కటి తప్పినా ఇంటికే. ఏ వేళ్ళతో తడమాలో ఆ వేళ్ళే ఇప్పుడు చెక్కల్లా ఉన్నాయి.

కార్ఖానా డాక్టరుకి చూపిస్తే ఆ కాగితం తిన్నగా మేస్త్రమ్మ దగ్గరకు పోతుంది. ఏం చెయ్యను?

కప్పులు జాగ్రత్త. నున్నగా ఉంటే రెండు చేతులతో పట్టుకో.

నీ మిడత


ఆగస్టు 14

మిడతకు,

నూట ఇరవై సున్నాలలో మూతపడనివి ముప్పై ఒకటి. రెండుసార్లు చుట్టినా అంతే. అంటే సంగతి తేలిక కాదు.

నిన్న మా వీధి చివరి డాక్టరు దగ్గరకు వెళ్ళాను. నా దగ్గరే చదివాడు. భిన్నాల్లో రెండేళ్ళు వరసగా తప్పినవాడు, ఇప్పుడు తలుపు మీద పేరు పక్కన నాలుగు డిగ్రీలు రాయించుకున్నాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. కూర్చోమన్నాను.

నువ్వు రాసింది అక్షరం పొల్లుపోకుండా చదివి వినిపించాను. చేతుల్లో తిమ్మిరి రావడానికి కారణాలు చాలా ఉంటాయన్నాడు. చక్కెర జబ్బు, థైరాయిడ్, బి-పన్నెండు విటమిను తగ్గడం, మెడ దగ్గర నరం నొక్కుకోవడం, మోచేతి దగ్గరో మణికట్టు దగ్గరో నొక్కుకోవడం. "ఒక్క చేతిలో, కొన్ని వేళ్ళలోనే అంటున్నారు కాబట్టి నరం ఎక్కడో ఇరుక్కుందండీ. ఎక్కడో తెలియాలంటే ఏ వేళ్ళో కచ్చితంగా తెలియాలి" అన్నాడు. నా వేళ్ళు పట్టి ఒకటి, రెండు, మూడు అని చూపించాను.

"మోచెయ్యండీ. మోచేతి లోపలి వైపు నరం పైపైనే ఉంటుంది, దెబ్బ తగిలితే జివ్వుమంటుందే, అదే. కానీ టీచరుగారూ, మొదటి రెండూ సరే, మూడోది ఇందులోకి ఎందుకొచ్చింది?"

"వచ్చింది కాబట్టి వచ్చింది. నా మనవరాలికి లెక్క తప్పదు" అన్నాను.

"మనిషిని చూడకుండా చెప్పకూడదండీ. ఒకసారి రమ్మనండి."

"నాలుగు డిగ్రీలు ఎందుకు మరి?" అన్నాను. తల గోక్కున్నాడు. చదువుకునే రోజుల్లోనూ అంతే, జవాబు దగ్గరికొచ్చి దిక్కులు చూసేవాడు. మధ్యలో, "మీ వేలికి ఏమైందండీ, కాలినట్టుంది?" అని ఇంకో దారి పట్టాడు. నా వేలి సంగతి నిన్నెవరు అడిగారన్నాను.

నువ్వు చేయవలసింది ఇది. మోచెయ్యి బల్లకు ఆనించకూడదు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని మోచెయ్యి మడిచి గంటలు కబుర్లు చెప్పకూడదు. పడుకునేటప్పుడు మోచేతికి తువ్వాలు చుట్టుకో, మడత పడదు. మూడు వారాలు ఇలా చేసి రాయి.

పరీక్ష అయ్యేదాకా ఎవరి దగ్గరా నోరు మెదపకు. మీ అమ్మకు కూడా. దానికి చెబితే ఇద్దరం కలిసి దాని ఏడుపు చూసుకోవాలి.

అమ్మమ్మ


సెప్టెంబరు 2

అమ్మమ్మా,

మూడు వారాలు కాలేదు కానీ ఆగలేక రాస్తున్నాను.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. పగలు కూడా మోచేతికి దూది మెత్త కట్టుకున్నాను. మేస్త్రమ్మ, "ఏమిటే, మోచేతికి చలేస్తోందా?" అంది. కుట్టుబల్లల వాళ్ళందరికీ నవ్వు. మెత్త ఎందుకని అడిగితే బల్ల అంచు గీరుకుంటోందని చెప్పాను. ఇప్పటికి రెండు అబద్ధాలయ్యాయి, నువ్వు లెక్కలు రాసుకునే పుస్తకంలో రాసుకో.

మోచెయ్యి ఆనించకుండా కత్తిరించాలంటే భుజం ఎత్తి, మణికట్టు బాగా వంచాలి. అలా చేసిన రోజు సాయంత్రానికి తిమ్మిరి కాదు, మంట. నిన్న ఒకటో వేలికి సూది గుచ్చుకుంది. రక్తం చుక్క తోలు మీద పడేదాకా నాకు తెలియనే లేదు. తెల్ల తోలు అమ్మమ్మా, ఆ ముక్క పారేశారు.

గదిలో గంతలు కట్టుకుని పన్నెండు ముక్కలు పేర్చి చూసుకున్నాను. ఐదు తప్పాయి. ఎడమ చేత్తో పేర్చాను. ఒక్కటీ తప్పలేదు. అంటే చదువు వచ్చు, చెయ్యే రావడం లేదు.

ఒక మాట అడుగుతాను. నేను పరీక్షకు భయపడి సాకు వెతుక్కుంటున్నానని అనుకుంటున్నావా? డాక్టరు కూడా తల గోక్కున్నాడని రాశావు. సున్నాలు లెక్కపెట్టింది నామీద దిగులుతోనా, తప్పు పట్టడానికా? నిజంగా అడుగుతున్నాను.

మిడత


సెప్టెంబరు 7

మిడతకు,

నీ ప్రశ్నకు ముందు జవాబు. తప్పు పట్టడం, దిగులుపడటం నా దగ్గర ఒకే పని. వేరువేరుగా చేయడం నాకు ఎవరూ నేర్పలేదు.

రెండోది. చెప్పినట్టు చేసి ఉంటే తగ్గాలి. తగ్గలేదంటే మోచెయ్యి ఎక్కడో ఆనుతూనే ఉందన్నమాట. మెత్త కట్టుకుని ఆ మెత్త మీదే ఆనుతున్నావేమో. నిన్ను నాకు తెలియదా? పలక మీద రాసే రోజుల్లోనే చెంప చేతిలో పెట్టుకుని వాలిపోయేదానివి.

మూడోది. మాటలు చాలు. తెల్ల కాగితం మీద నీ కుడి చెయ్యి పరిచిపెట్టి చుట్టూ గీత గీయి. ఎక్కడ మొద్దుబారిందో అక్కడ పెన్సిలుతో నింపు. బాగా మొద్దుగా ఉన్నచోట నల్లగా, కొంచెమే ఉన్నచోట పలచగా. ఈ ఉత్తరంతో పాటు నా చెయ్యి గీసి పంపుతున్నాను. అది మాదిరి మాత్రమే. ఎలా గీయాలో చూసుకోవడానికి.

ఇరవై మూడు రోజులు ఉన్నాయి పరీక్షకు. ఇక్కడ నేను కూర్చున్నచోట కూర్చోలేకపోతున్నాను. లేస్తాను, కిటికీ దాకా వెళతాను, టపా వచ్చే వేళ కాదని గుర్తొస్తుంది, మళ్ళీ వచ్చి కూర్చుంటాను. నిన్న రవిక బొత్తాలు పెట్టుకోవడానికి పావుగంట పట్టింది. మనసు ఎక్కడో ఉంటే ఇంతే.

బొమ్మ వెంటనే పంపు.

అమ్మమ్మ


సెప్టెంబరు 13

అమ్మమ్మా,

ముందు నా బొమ్మ చూడు. చూశావా? ఇప్పుడు చదువు.

నేను నల్లగా నింపింది బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు. ఉంగరపు వేలు మధ్యవేలి వైపు సగం పలచగా నింపాను. చిటికెనవేలికి ఏమీ లేదు. ఎప్పుడూ లేదు.

బొమ్మ గీసి, "ఒకటి, రెండు, మూడు" అని అంకెలు వేయబోయి ఆగిపోయాను. ఒక్కసారిగా నీ వరండా గుర్తొచ్చింది. నా చిటికెనవేలు పట్టుకుని "ఒకటి" అనేదానివి. అక్కడి నుంచి బొటనవేలి దాకా వచ్చేసరికి "ఐదు". నువ్వు డాక్టరుకి ఎటునుంచి చూపించావు అమ్మమ్మా?

మా కార్ఖానాలో ఒకటో వేలంటే బొటనవేలు. తొడుగుకి బొటనవేలు విడిగా కత్తిరించి అతకాలి కాబట్టి అదే మొదట. ఆరేళ్ళుగా అలాగే అంటున్నాను, నువ్వు నేర్పిన లెక్క ఎప్పుడు మర్చిపోయానో నాకే తెలియదు. అంకెల్లో రాయమన్నావు, రాశాను. ఇద్దరం కచ్చితంగానే ఉన్నాం. చేతికి ఆ చివర నువ్వు, ఈ చివర నేను.

ఇక రెండో సంగతి. దీనికి కోపం తెచ్చుకోకూడదు.

నువ్వు పంపిన మాదిరి నా బల్ల మీద పెట్టాను. మా పనిలో చెయ్యి గీత కనబడితే కొలతలు తీయకుండా ఉండలేం. చూపుడు వేలి దగ్గర కొలత కుదరలేదు. సరిగా చూస్తే, గీత వేలి పక్క నుంచి కాక వేలి లోపలి నుంచి పోయింది. అంటే కలం నీ వేలి కిందికి దూరింది. మధ్యవేలి దగ్గర కూడా. అంత గట్టిగా దూరినా నీకు తెలియలేదు, తెలిస్తే నువ్వు ఆ కాగితం చింపి కొత్తది గీసేదానివి. నాకు తెలియదా నిన్ను?

తర్వాత నీ ఉత్తరాలన్నీ పరిచి సున్నాలు లెక్కపెట్టాను. ఏప్రిల్లో నూట రెండింటిలో మూతపడనివి మూడు. ఆగస్టు 3న ముప్పై. మొన్నటి దానిలో అరవై ఒకటి. నాకు కనబడుతున్నవి నీ కొడవళ్ళే అమ్మమ్మా.

మూడు కప్పులు. కాలిన వేలు. పావుగంట బొత్తాలు. ఇవన్నీ నువ్వే రాశావు, నేనే చదవలేదు.

నీ ప్రశ్నలే నీకు: ఏ చెయ్యి? ఏ వేళ్ళు? ఎప్పటి నుంచి? అంకెలు వద్దు, పేర్లు రాయి. కథలు కావాలి.

నేను రేపు బయటి డాక్టరు దగ్గరకు వెళుతున్నాను. మేస్త్రమ్మకి ఇంకా చెప్పలేదు. చెప్పొద్దన్నది నువ్వు.

మిడత


సెప్టెంబరు 19, మధ్యాహ్నం రెండు గంటలు

మిడతకు,

నీ ఉత్తరం పదహారున వచ్చింది. ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరకు వెళ్ళాను. మధ్యలో రెండు రోజులు ఎందుకు రాయలేదంటే, రాయాలనుకున్న మాటలు తిన్నగా రాలేదు. ఇప్పుడూ తిన్నగా లేవు, అయినా రాస్తున్నాను.

నీ బొమ్మ డాక్టరు ముందు పెట్టాను. చూడగానే, "మణికట్టండీ ఇది! బొటనవేలి వైపు మూడున్నర వేళ్ళు. మణికట్టు లోపల ఇరుకైన దారి ఉంటుంది, ఆ దారిలో నరం నలుగుతోంది. మోచెయ్యి కానే కాదు" అన్నాడు.

"మరి ఆ రోజు మోచెయ్యి అన్నావే?"

"మీరు చిటికెనవేలు పట్టుకుని ఒకటి అన్నారు. మధ్యవేలి దగ్గర నాకు అనుమానం వచ్చింది, అడిగాను కూడా. మీరు లెక్క తప్పదన్నారు. మీ లెక్క తిరగేసి చూసే ధైర్యం నాకు ఐదో తరగతి నుంచీ లేదండీ."

నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మోచెయ్యి ఎత్తించి నీ మణికట్టు మరింత వంచినదాన్ని నేను. అది తప్పు. ఈ మాట నేను ఎవరికీ రాసిన గుర్తు లేదు, కాబట్టి చదివి దాచుకో.

ఇక నా సంగతి. కథలు కావాలన్నావు. రెండు చేతులు. అన్ని వేళ్ళూ. కాలి వేళ్ళు కూడా. ఏప్రిల్ చివరి నుంచి. ముందు వేలి చివరలు, తర్వాత మణికట్టు దాకా. మందపాటి బట్ట ఒకటి ఎప్పుడూ చేతికీ వస్తువుకీ మధ్య ఉన్నట్టు ఉంటుంది. "తొడుగులు వేసుకున్నట్టు ఉంటుందా?" అని డాక్టరే అడిగాడు. అవునన్నాను. మనవరాలు ఊరందరికీ తొడుగులు కుడుతుంటే నాకు ఎవరూ కుట్టనిది ఒకటి వచ్చి కూర్చుంది. గిన్నె మూత పట్టుకుంటే వేలు కాలినట్టు వాసన వచ్చాక తెలిసింది.

రక్తం తీసి చూశారు. బి-పన్నెండు ఉండవలసిన దానిలో సగం కూడా లేదు. చక్కెరకు పన్నెండేళ్ళుగా వేసుకుంటున్న మాత్ర కొందరికి అలా తగ్గిస్తుందట. చక్కెర వల్ల కూడా కొంత కావచ్చు, అదీ చూస్తానన్నాడు. సూదిమందు మొదలుపెట్టాడు. "ఐదు నెలలు ఎందుకు ఊరుకున్నారండీ? ముందే వస్తే త్వరగా తగ్గేది. ఇప్పుడు ఎంత వెనక్కి వస్తుందో చూడాలి" అన్నాడు.

ఎందుకు ఊరుకున్నానో ఇంటికొచ్చి ఆలోచించాను. నా పుస్తకం తీశాను. నీ తిమ్మిరికి తొమ్మిది పేజీల పట్టిక ఉంది, తేదీలతో, వేళలతో. నాకు ఒక్క గీత లేదు. కప్పుల మీద, బొత్తాల మీద తోసేశాను. చేతులు పనిచేయడం లేదని రాస్తే, రాసిన చేతికే చెడ్డపేరని కాబోలు.

నీ డాక్టరు కూడా మణికట్టే అన్నాడని, పట్టీ ఇచ్చాడని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అంటే నువ్వు మీ అమ్మకు చెప్పేశావు. మంచిపని చేశావు. మీ అమ్మ నేను అనుకున్నంత ఏడవలేదు. నాది కూడా చెప్పాను. అప్పుడు ఏడ్చింది.

సంతకం ఇక్కడే పెట్టేస్తున్నాను. చివరిదాకా ఆగితే చెయ్యి మొరాయిస్తుంది. కింది జాబితాలో సున్నాలు ఎన్ని మూతపడతాయో. నువ్వెలాగూ లెక్కపెడతావు.

అమ్మమ్మ

ఇక జరగవలసినవి:

1. పడుకునేటప్పుడు మణికట్టు తిన్నగా ఉండేలా పట్టీ కట్టుకోవాలి. ప్రతిరోజూ. మోచేతి మెత్త తీసి పారేయాలి.

2. పనిలో ప్రతి ఇరవై నిమిషాలకు కత్తెర కిందపెట్టి చెయ్యి వదులు చేయాలి. ఎవరు నవ్వినా సరే.

3. నీ డాక్టరు నరాల పరీక్ష చెబితే వాయిదా వేయకూడదు. బొటనవేలి కింద కండ పలచబడినట్టు అనిపిస్తే ఆ రోజే వెళ్ళాలి. నేను వేసిన ఐదు నెలల వాయిదా నీకు వద్దు.

4. మేస్త్రమ్మకు సోమవారం లోపు అంతా చెప్పాలి. కత్తెర ఎందుకు జారిందో, మెత్త ఎందుకు కట్టావో, ముక్క ఎందుకు పాడైందో. నోరు మెదపవద్దన్నది నేను. ఆ మాట కొట్టివేస్తున్నాను.

5. పన్నెండు ముక్కలు ఎడమ చేత్తో పేర్చవచ్చా అని ఆవిడను అడగాలి. ఒప్పుకుంటే 30న కూర్చో. ఒప్పుకోకపోతే గడువు అడుగు. అదీ ఇవ్వకపోతే ఆ చోటు ఇంకెవరికైనా పోనీ. నీకు ఇంకా నలభై ఏళ్ళ పని ఉంది ఆ చేతితో.

6. నా సూదిమందు తేదీలు నీ దగ్గర రాసి పెట్టుకోవాలి. ఒక్కటి తప్పినట్టు తెలిస్తే ఫోన్ చేసి తిట్టాలి. ఫోన్ ఎత్తుతాను.

7. పొయ్యి దగ్గరకు నా కొలతకు మందపాటి తొడుగులు కావాలి. నీ కుడి చెయ్యి నయమయ్యాకే కత్తిరించాలి. అప్పటిదాకా మసిగుడ్డతో సర్దుకుంటాను.

8. ఇకపై మన ఇద్దరి మధ్య వేళ్ళకు అంకెలు లేవు. పేర్లే.

9. ప్రతి నెలా ఒకటో తేదీన ఇద్దరం చెయ్యి గీసి, మొద్దుబారిన చోట నింపి పంపుకోవాలి. ఈసారి నా దానిమీద మాదిరి అని రాయను.